ఏడేళ్ల పాప, 63 ఏళ్ల అమ్మమ్మతో దేవరియా తాల్ ఎక్కగలమా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్

నిజాంపేట్_అమ్మ

అందరికీ నమస్తే అండి. మేం హైదరాబాద్‌లో నిజాంపేట్ దగ్గర ఉంటాం, ఇంట్లో నేను, మా ఆయన, ఏడేళ్ల పాప, మా అమ్మ. ఇప్పటిదాకా కొండలంటే తిరుమల, శ్రీశైలం, ఒకసారి అరకు, అంతే, అదీ అన్నీ కార్లోనే. మొన్న పాప ఫోన్‌లో ఒక ఫోటో చూసింది, ఉత్తరాఖండ్‌లో దేవరియా తాల్ అని చిన్న సరస్సు, ఎదురుగా మంచుకొండ, ఆ కొండ మొత్తం నీళ్లలో తలకిందులుగా కనిపిస్తోంది. "అమ్మా కొండ నీళ్లలో మునిగిపోయిందా, దాన్ని ఎవరూ తియ్యరా" అని అడిగింది. అప్పట్నుంచి రోజూ అదే గోల, ఎప్పుడు వెళ్దాం ఎప్పుడు వెళ్దాం అని.

అమ్మకి చెప్తే ముందు "నన్ను వదిలేయండి, మీరు పోయి రండి" అంది. తర్వాత మా ఆయన ఎక్కడో చదివి, యక్షుడు ధర్మరాజుని ప్రశ్నలడిగింది ఆ చెరువు దగ్గరే అని అక్కడివాళ్లు చెప్పుకుంటారంట అత్తయ్యా అనగానే అమ్మ టీవీ సౌండ్ తగ్గించి మరీ వింది. ఇప్పుడు తనే అడుగుతోంది ఎంత దూరం నడవాలి అని.

అమ్మకి షుగర్ ఉంది, కంట్రోల్‌లోనే ఉంది. కుడి మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. కానీ రోజూ కాలనీ పార్కులో ఓ నలభై నిమిషాలు నడుస్తుంది, ఆషాఢంలో గోల్కొండ బోనాలకి పైదాకా ఎక్కుతుంది, మధ్యలో రెండు మూడుసార్లు కూర్చుంటుంది అనుకోండి. పాప హుషారే కానీ పది నిమిషాలకోసారి కాళ్లు నొప్పులంటుంది. నాకు భయం ఎక్కడంటే, సగం దారి వెళ్లాక ఇద్దరిలో ఒకళ్లు ఇక నా వల్ల కాదు అంటే ఏం చెయ్యాలి? నిజంగా ఎంత ఎక్కాలి, ఏ నెలలో వెళ్లాలి, రోడ్డు ఎలా ఉంటుంది, పైన రాత్రి ఉండాలా అక్కర్లేదా, చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు ఉంటే వివరంగా చెప్పండి. ట్రావెల్స్ వాళ్లని అడిగితే అందరూ "చాలా ఈజీ మేడమ్" అనే అంటున్నారు, ఎవరికి ఈజీయో చెప్పట్లేదు.

మల్కాజ్‌గిరి_నడక

వెళ్ళండి అక్కా, తప్పకుండా వెళ్ళండి. మేం రెండేళ్ల కింద అక్టోబర్‌లో వెళ్లాం, మా బాబుకి అప్పుడు ఎనిమిది. నడక గురించి మీరు పడుతున్న భయం రోడ్డు గురించి పడాలి, ముందు అది చెప్తా.

నడక మొదలయ్యేది సారీ అనే ఊరి నుంచి. అక్కడి నుంచి సరస్సుకి రెండున్నర, మూడు కిలోమీటర్లు ఉంటుంది. సారీ దాదాపు 2000 మీటర్ల ఎత్తులో ఉంటే సరస్సు 2438 మీటర్లు, అంటే నిలువున ఓ 400 మీటర్లు ఎక్కాలి. మీ అమ్మగారు గోల్కొండ ఎక్కుతారన్నారు కదా, ఆ గుట్ట 120 మీటర్లు ఉంటుంది. అలాంటివి మూడు, ఇంకొంచెం, ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు అనుకోండి. అలా ఊహిస్తే కష్టమూ అర్థమవుతుంది, భయమూ పోతుంది. దారి చాలా వరకు రాళ్లు పరిచి ఉంటుంది, లోయ అంచున నడిచే భయం లేదు, దారిలో ఒక పాత శివాలయం, ఒకటి రెండు టీ కొట్లు. కుర్రాళ్లు గంటన్నరలో ఎక్కేస్తారు. మేం మూడు గంటలు తీసుకున్నాం. మీరు నాలుగు అనుకుని బయల్దేరండి, తొందరేం లేదు అనుకుంటే మోకాలు కూడా మాట వింటుంది.

ఇక రోడ్డు. రిషికేశ్ నుంచి సారీకి దాదాపు 190 కిలోమీటర్లు. మనం ఇక్కడ వరంగల్ దాటి పోయేంత దూరం, నాలుగు గంటల్లో అయిపోతుందిలే అనుకుంటాం, మేమూ అదే అనుకున్నాం. ఒక్కరోజులో వెళ్లిపోదామని తెల్లారే బయల్దేరాం. దేవప్రయాగ దాకా బాగానే ఉన్నాడు బాబు, అలకనంద భాగీరథి కలిసేచోట దిగి రెండు రంగుల నీళ్లు కూడా చూశాడు. అక్కడి నుంచి వాంతులు మొదలు. నేను ముందు సీట్లో కూర్చుని వాడికి ఆడుకోడానికి ఫోన్ ఇచ్చా, అది నేను చేసిన పెద్ద తప్పు, ఘాట్ రోడ్డులో తల వంచి స్క్రీన్ చూస్తే పెద్దవాళ్లకే తిప్పుతుంది. డ్రైవర్ మలుపుల్లో స్పీడు తగ్గించమంటే తగ్గించలేదు, నేనూ గట్టిగా అడగలేకపోయా. రాత్రి తొమ్మిదికి చేరాం, వాడు తినకుండానే పడుకున్నాడు. మర్నాడు నడక క్యాన్సిల్ చేసి పొద్దంతా రూములోనే ఉన్నాం.

అందుకే మీరు రెండు రోజులు చేసుకోండి. మొదటి రోజు శ్రీనగర్‌లోనో రుద్రప్రయాగలోనో ఆగిపోండి (కాశ్మీర్ శ్రీనగర్ కాదు, ఇది గఢ్వాల్‌ది, బుకింగ్ చేసేటప్పుడు జాగ్రత్త). రెండో రోజు మధ్యాహ్నానికి ఊఖీమఠ్ మీదుగా సారీ చేరి, సాయంత్రం ఊళ్లోనే తిరిగి పడుకోండి, మూడో రోజు పొద్దున్నే ఎక్కండి. అలా కొద్దికొద్దిగా ఎత్తుకి అలవాటు పడితే ఒంటికి మంచిది. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు మీద అస్సలు వద్దు. పాపని కిటికీ పక్కన కూర్చోబెట్టి దూరంగా చూడమనండి, కడుపు నిండా తినిపించొద్దు, అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు. వాంతుల మందు ఏది, ఎంత అన్నది ఇక్కడే పిల్లల డాక్టర్‌ని అడిగి తీసుకెళ్ళండి.

ఇక కాళ్లు నొప్పులనే పిల్లల సంగతి. మావాడూ అంతే. నేనేం చేశానంటే ప్రతి మలుపు దగ్గరా ఒక యక్షప్రశ్న అడిగా. జవాబు తర్వాతి మలుపు దగ్గరే చెప్తా అన్నా. కళ్లు మూయకుండా నిద్రపోయేది ఏది? వాడు ఆలోచించుకుంటూ తర్వాతి మలుపు దాకా వచ్చేవాడు. చేప. పుట్టినా కదలనిది ఏది? గుడ్డు. గాలి కంటే వేగంగా పోయేది ఏది? దీనికి రాకెట్ అన్నాడు, మనసు అని చెప్తే చాలాసేపు ఒప్పుకోలేదు, నేను ఇప్పుడు మనసులో మన ఇంటికి వెళ్లొచ్చా నాన్నా అని వాడే కాసేపటికి అన్నాడు. పైకి చేరగానే అందరూ కొండ చూస్తుంటే వీడు మాత్రం ఒడ్డున మోకాళ్ల మీద వంగి, కళ్లు తెరుచుకుని నిద్రపోతున్న చేప కోసం వెతికాడు. మీ అమ్మగారికి భారతం తెలుసు కాబట్టి ప్రశ్నలు అడిగే పని ఆవిడకే అప్పజెప్పండి, ఇద్దరూ కలిసి ఎక్కేస్తారు.

ఉప్పల్_పెద్దమ్మ

బిడ్డా, నాకు 66. నేను పోయొచ్చిన కాబట్టి చెప్తున్న. బిడ్డ అల్లుడు తోలుకపోయిన్రు, నాక్కూడ మోకాళ్ల నొప్పులున్నయి.

అందరూ ఎక్కుడు గురించే చెప్తరు. ఎక్కేటప్పుడు ఆయాసమొస్తది, కూసుంటె పోతది. మోకాలు పట్టేది దిగేటప్పుడు. మీ అమ్మకు కట్టె ఉండాలె, ఒకటి కాదు రెండు. సారీలనే కిరాయికి ఇస్తరు. దిగేటప్పుడు కట్టె ముందుగాల కింద మెట్టు మీద పెట్టి, బరువు దాని మీద ఏసి, అప్పుడు కాలు దించాలె. అడుగులు చిన్నగ ఎయ్యాలె, రాయి పెద్దగుంటె ఒక పక్కకు తిరిగి దిగాలె. నేను ఎక్కుడు గంటన్నర అనుకున్నది మూడైంది, దిగుడు గంట అనుకున్నది రెండైంది. ఎవ్వరూ తొందర పెట్టలే, అందుకే దిగిన.

చీర వద్దు. నేను మొదాలు చీరతోనే పోయిన, కుచ్చిళ్లు మడమల కింద పడుతున్నయి, చెయ్యేమో కట్టె మీదుంటది, కుచ్చిళ్లు ఎవరు పట్టుకోవాలె? పంజాబీ డ్రెస్సు ఏసుకోమను, సిగ్గేం లేదు. బూట్లు కొత్తయి కొని అక్కడనే తొడగద్దు, నెల ముందు కొని కాలనీల నడవాలె.

షుగర్ ఉన్నది అన్నవు. నడకల షుగర్ పడిపోతది, జాగ్రత్త. గోళీలు ఎప్పుడేసుకోవాలె, ఎంతేసుకోవాలె అన్నది డాక్టర్‌ను అడిగే పోవాలె. చేతిసంచిల బెల్లంముక్క, గ్లూకోజ్ బిస్కెట్లు ఎప్పుడూ ఉండాలె, సంచి అల్లుని దగ్గర కాదు ఆమె దగ్గరనే ఉండాలె. నీళ్లు మాటిమాటికి తాగాలె, చల్లగుంటది కాబట్టి దూప కాదు, అయినా తాగాలె. ఇంకోటి, ఆడోళ్లం కాబట్టి చెప్తున్న, బాత్రూం పని సారీలనే చూసుకొని బయలెల్లాలె.

ఎక్కుతుంటె ఒక ఆడామె ఎదురొచ్చింది, నా ఈడుదే ఉంటది, ఈపు మీద ఇంత గడ్డిమోపు, మోపుల మనిషే కనపడ్తలేదు. నన్ను జూసి ఆగింది. నాకు హిందీ అంత రాదు, ఆమెది పహాడీ. నా కట్టె చూసింది, నా మోకాలు చూసింది, తన మోకాలు చూపెట్టి చెయ్యి ఇట్ల తిప్పింది, నాక్కూడ ఉన్నది నొప్పి అని. అట్లనే ఇద్దరం ఒక రాయి మీద కూసున్నం. నేను సకినాలు ఇచ్చిన, పటపట నమిలింది. మల్ల మోపు ఎత్తుకొని దిగిపోయింది. ఆ కొండ గిట్ల యాదికొస్తె నాకు ముందు ఆమెనే కనపడ్తది.

తిండికి భయం లేదు. రాజ్మా అన్నం, రొట్టె దొరుకుతయి. మండువా రొట్టె అని చేస్తరు, అది మన రాగులే, షుగరోళ్లకు మంచిగనే ఉంటది. కారప్పొడి, మామిడికాయ తొక్కు మాత్రం పట్కపో.

కొండదారి

పెద్దమ్మ చెప్పినవన్నీ బంగారం లాంటి మాటలు. నేను రెండు విషయాలు కలుపుతా.

పాప చూసిన ఫోటోలో లాగా కొండ నీళ్లలో కనిపించాలంటే పొద్దున్నే అక్కడ ఉండాలి. ఎదురుగా కనిపించేది చౌఖంబా, 7138 మీటర్లు. గాలి లేనప్పుడే నీళ్లు అద్దంలా ఉంటాయి, కొంచెం ఎండెక్కితే గాలి మొదలవుతుంది, నీటి మీద ముడతలు పడి ప్రతిబింబం చెదిరిపోతుంది, మధ్యాహ్నానికి మబ్బులొచ్చి అసలు కొండే కనిపించకపోవచ్చు. తాపీగా పదకొండుకి చేరి ఏం కనిపించలేదే అని బాధపడేవాళ్లని చాలామందిని చూశా. అందుకని నా సలహా అయితే ముందు రోజే ఎక్కి పైన టెంట్లలో రాత్రి ఉండటమే. సరిగ్గా ఒడ్డున వేయనివ్వరు, కాస్త ఎడంగా ఉంటాయి. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్స్, అంటే ఆ ఎత్తైన పచ్చికబయళ్లలో రాత్రి బస వద్దని ఆర్డర్ ఇచ్చింది, కాబట్టి ఎవరైనా "సరస్సు ఒడ్డునే టెంట్ వేయిస్తాం" అంటే నమ్మి డబ్బులు కట్టకండి, పర్మిషన్ కాగితం చూపించమనండి. అటవీశాఖ టికెట్ ఉంటుంది, రసీదు దాచుకోండి.

రెండోది చలి. ప్రతి 1000 మీటర్లకి దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, రిషికేశ్‌లో చెమట పడుతుంటే స్వెట్టర్లు ఎందుకులే అనిపిస్తుంది కానీ పైన అంతకంటే 13 డిగ్రీలు తక్కువ ఉంటుంది, తెల్లారుజామున ఇంకా తక్కువ. ఒకే మందపు జాకెట్ కంటే పల్చటివి మూడు వేసుకుంటే నడుస్తున్నప్పుడు ఒకటి తీసెయ్యొచ్చు. పాప చెమటతో ఆగితే వెంటనే చలి పడుతుంది, లోపలి బనియన్ ఇంకోటి పెట్టుకోండి. ఎండ కూడా మనం అనుకున్నదానికంటే గట్టిగా కొడుతుంది, టోపీ, సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు.

దయచేసి చిప్స్ ప్యాకెట్లు, డైపర్లు, వెట్ వైప్స్ అన్నీ వెనక్కి తెచ్చేయండి. అది చిన్న సరస్సు, చుట్టూ తిరగడానికి అరగంట కూడా పట్టదు. అందులోకి పోయిన చెత్త ఎటూ పోదు, అక్కడే ఉంటుంది.

మల్కాజ్‌గిరి_నడక

తమ్ముడూ మిగతావన్నీ ఒప్పుకుంటా కానీ టెంట్ విషయంలో ఒప్పుకోను. షుగర్ ఉన్న పెద్దావిడ, ఏడేళ్ల పాప, మొదటిసారి కొండ, రాత్రి టెంట్‌లో చలి. బాత్రూమ్‌కి లేవాలంటే చీకట్లో టార్చ్ పట్టుకుని బయటకి. చుట్టూ ఉన్న అడవుల్లో చిరుతలు, ఎలుగుబంట్లు తిరుగుతాయి. ప్రతిబింబం కోసం మొదటిసారే ఇంత పెట్టుకోవద్దు. అదే కారణంతో చీకటి ఉండగానే సారీలో బయల్దేరడం కూడా వద్దు.

అక్కా, మీరు సారీలో హాయిగా పడుకుని, వెలుగు రాగానే బయల్దేరండి. మీ ఆయన, పాప ముందు నడుస్తారు, మీరు అమ్మగారితో వెనక రండి, ఊళ్లో ఒక గైడ్‌ని మాట్లాడుకుంటే మీతో ఉంటాడు. పాప తొమ్మిదికల్లా చేరిందంటే అద్దం దొరకొచ్చు, దొరక్కపోయినా మంచుకొండ ఎదురుగా ఉంటుంది కదా. ఎవరైనా ఇక కాదు అంటే టీ కొట్టు దగ్గర ఆగిపోండి, అక్కడి నుంచి కూడా లోయ, సారీ ఊరి ఇళ్లు, మెట్లు మెట్లుగా పొలాలు కనిపిస్తాయి. అమ్మగారిని బలవంతంగా పైకి తీసుకెళ్లిపోతే దిగేటప్పుడు ఆ కష్టం ఆవిడే పడాలి. మేం వెళ్లినప్పుడు సారీలో అడిగితే కంచరగాడిద కూడా దొరికింది, అది ముందురోజు సాయంత్రమే మాట్లాడుకోండి.

ఇంకో మాట, అక్కడిదాకా వచ్చాం కదా అని మర్నాడే తుంగనాథ్ గుడి కూడా పెట్టుకోవాలనిపిస్తుంది, అక్కడికి నడక మొదలయ్యే చోప్తా పక్కనే. అది 3680 మీటర్లు. ఆ ఎత్తు వేరు, అక్కడ తలనొప్పి, వికారం రావొచ్చు. ఈసారికి సరస్సు ఒక్కటే పెట్టుకోండి.

కొండదారి

సరే అన్నా, అమ్మమ్మ ఉన్నారు కాబట్టి మీ మాటే కరెక్ట్. నేను వెళ్లింది ఫ్రెండ్స్‌తో, ఆ లెక్కలో చెప్పేశా.

వికారాబాద్_వాసి

అంత దూరం వెళ్లే ముందు మా అనంతగిరి రండి ఒకసారి. హైదరాబాద్ నుంచి 80 కిలోమీటర్లు, మూసీ పుట్టేది ఇక్కడే. పద్మనాభస్వామి దర్శనం చేసుకుని అడవి దారుల్లో రెండు మూడు గంటలు నడవండి, ఎక్కుడు దిగుడు రెండూ ఉంటాయి. సాయంత్రం కోట్‌పల్లి రిజర్వాయర్ దగ్గర నీళ్లు చూపించొచ్చు పాపకి. కొత్త బూట్లు ఎక్కడ కొరుకుతున్నాయో, పాప ఎంతసేపటికి అలుస్తుందో ఇక్కడే తెలిసిపోతుంది, ఏదైనా తేడా వచ్చినా రెండు గంటల్లో ఇంట్లో ఉంటారు.

నిజాంపేట్_అమ్మ

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పెద్దమ్మగారు రాసింది అమ్మకి చదివి వినిపించా, గడ్డిమోపు ఆవిడ దగ్గర ఆపి "మళ్లీ చదువు" అంది. టెంట్ వద్దు అని ఫిక్స్ అయ్యాం. రోడ్డు రెండు రోజులు అనేది నాకు తట్టనే లేదు, అది మార్చేశాం.

ఇప్పుడు నెల సంగతి. ఎండాకాలం సెలవుల్లో అనుకున్నాం కానీ మే, జూన్‌లో చార్‌ధామ్ యాత్ర రద్దీ అంట, ఊఖీమఠ్‌కి ముందు కుండ్ అనే ఊరి దాకా కేదార్‌నాథ్ వాళ్లదీ మనదీ ఒకటే రోడ్డు కదా. వర్షాకాలం ఎలాగూ వద్దు, కొండచరియలు పడతాయి. దసరా సెలవులే మిగిలాయి. కానీ అమ్మ సద్దుల బతుకమ్మ వదిలేసి రానంటోంది, పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఏడాది కూడా వదల్లేదంట. ఏం చెయ్యాలో తోచట్లేదు, బతిమాలాలంటే కూడా మనసు రావట్లేదు.

ఉప్పల్_పెద్దమ్మ

ఎందుకు బతిమాలుడు? ఆమె చెప్పింది నిజమే. సద్దుల బతుకమ్మ ఇంటికాడ ఆడుకొని, దసరనాడు జమ్మి పెట్టుకొని, తెల్లారి బయలెల్లుండ్రి. బిడ్డకు స్కూల్ల ఒక నాలుగు రోజులు సెలవు అడుగు, రెండో తరగతి పిల్లకు ఏం మునిగిపోదు. అప్పటికి వానలు వెనుకకు పోతయి, ఆకాశం కడిగినట్టు ఉంటది, నేను పోయింది కూడ అప్పుడే. మార్చి ఆఖర్ల, ఏప్రిల్ల కూడ మంచిగుంటదట, బురాన్ష్ అని ఎర్రగ పూలు పూస్తయట, కానీ అప్పుడు పిల్లకు పరీక్షలుంటయి. దసర అయినంకనే పో.

కొండదారి

అవును, అక్టోబర్ రెండో సగం అయితే కొండలు చాలా క్లియర్‌గా కనిపిస్తాయి. చలి కొంచెం పెరుగుతుంది, ఇంకో స్వెట్టర్ ఎక్కువ పెట్టుకోండి. పైన సిగ్నల్ సరిగ్గా ఉండదు, ఊఖీమఠ్ దాటేలోపే క్యాష్ తీసి పెట్టుకోండి, ఇంటికి ఫోన్ చేసి రెండు రోజులు దొరకం అని చెప్పేయండి.

నిజాంపేట్_అమ్మ

అప్‌డేట్: నిన్న ఆదివారం గోల్కొండ వెళ్లాం. పొద్దున ఎండ రాకముందే ఎక్కుదామని వెళ్లి, పైదాకా ఎక్కి, కాసేపు కూర్చుని, దిగి, టీ తాగి అమ్మ మళ్లీ సగం దాకా ఎక్కింది. నేను వద్దన్నా వినలేదు. దిగేటప్పుడు కట్టె ముందు, కాలు తర్వాత, పెద్దమ్మగారు చెప్పినట్టే. రాత్రి మోకాలికి కాపడం పెట్టుకుంది, పొద్దున్న మామూలుగానే లేచింది.

పాప మెట్టు మెట్టుకీ అమ్మమ్మని ప్రశ్నలడిగింది. భూమి కంటే బరువైనది ఏది అని అమ్మ అడిగితే ఏనుగు అంది, లారీ అంది, గోల్కొండ అంది. తల్లి అని అమ్మ చెప్పగానే పాప నన్ను ఒకసారి, అమ్మమ్మని ఒకసారి చూసి "మీ ఇద్దరిలో ఎవరు ఎక్కువ బరువు" అని అడిగింది. దానికి ఇంకా జవాబు చెప్పలేదు, సరస్సు దగ్గర చెప్తానని అమ్మ మాటిచ్చింది.

దసరా మర్నాటి రైలుకి టికెట్లు చూస్తున్నాం ఢిల్లీ దాకా, పాపకి ఫ్లైట్ కంటే రైలే ఇష్టం. వచ్చే శనివారం అనంతగిరి. ఒక్క డౌట్ మిగిలింది, సారీలో కిరాయికిచ్చే కట్టెలు పిల్లల సైజువి కూడా ఉంటాయా, లేక పాపకి ఇక్కడే కొనుక్కెళ్లాలా?

మల్కాజ్‌గిరి_నడక

పెద్దవే ఉంటాయి అక్కా. అయినా కొనకండి, మావాడికి టీ కొట్టాయన ఒక సన్న కర్ర చెక్కి ఇచ్చాడు, ఇప్పటికీ మా ఇంట్లో తలుపు వెనకాలే ఉంది అది.